నిలబడ్డ కాలం

మా బాపు హమాలీ. వరంగల్ దిక్కు ఒక జిన్నింగు మిల్లులో ముప్పై ఏండ్లు పత్తి బండ్లు దించిండు. పొద్దుగాల సద్ది కట్టుకొని పోయి, చీకటి పడ్డాక తల నిండా నూగుతో ఇంటికొచ్చేటోడు. "ఇయ్యాల ఏం పని చేసినవ్ బాపూ?" అని చిన్నప్పుడు నేనడిగితే ఒక్కటే జవాబు. "సగం దినం దించిన, సగం దినం నిలవడ్డ." దించినదానికే పైసలు. నిలబడ్డదానికి ఎవరూ ఏమీ ఇయ్యరు. ఇయ్యాలని ఎవరికీ తోచలేదు. అడగాలని మాకూ తోచలేదు.

ఆ నిలబడ్డ సగం దినం లెక్క నాకు ముప్పై అయిదేండ్ల వయసులో తెలిసింది. బడి అయిపోయినంక రాత్రిళ్ళు కంప్యూటర్ ముందు కూర్చొని సిములేషన్ నేర్చుకుంటుంటే తెలిసింది. అది చెప్పడానికే ఇది రాస్తున్న.

మా మాదిగవాడలో డిగ్రీ దాకా పోయిన మొదటోణ్ణి నేను. ఇంజినీరింగు చదవాలని ఉండె. ఇంటర్ అయిన ఏడు ఎంసెట్ కోచింగుకు పోయేటోళ్ళను బస్టాండులో చూసిన గాని నేను ఆ బస్సు ఎక్కలేదు. మూడు నెలలు బాపుతోటి మిల్లుకు పోయి పత్తి దించి, ఆ పైసలతో బీఎస్సీ మ్యాథ్స్‌లో చేరిన. తర్వాత బీఈడీ. 2012 డీఎస్సీలో లెక్కల సారు ఉద్యోగం వచ్చింది. స్టాఫ్ రూములో మొదటిరోజు ఒకాయన నా మార్కులు అడగలేదు, "ఏ రోస్టర్ పాయింటు?" అని అడిగిండు. నాకొచ్చిన లెక్కలు చాలవేమోనన్న భయం ఆ రోజు పట్టుకుంది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కొత్తది ఏది కనపడ్డా నేర్చుకోవాలన్న ఆత్రం నాకు ఆ భయంలోంచే వచ్చింది.

మా అన్న బిడ్డకు ఇంజినీరింగు సీటు వచ్చింది. మెకానికల్ బ్రాంచి. ఒక ఐతారం లావుపాటి ఇంగ్లీషు పుస్తకం పట్టుకొని వచ్చింది. "చిన్నబాపూ, నువ్వు లెక్కల సారువు గద. సిములేషన్ అంట, నాకిది సమజైతలేదు. ల్యాబుల కంప్యూటర్లు తక్కువున్నయ్. ముందుగాల కూసున్నోల్లు లేస్తలేరు. నేను ఎనక నిలవడి సూస్తున్న."

నిలబడి అన్న మాట నాకు ఎక్కడో తగిలింది. పుస్తకం తెరిచిన.

ఇండస్ట్రియల్ ఇంజినీరింగు అంటే మిషన్లు తయారుచేసే చదువు అనుకునేటోణ్ణి. కాదు. మనుషులు, మిషన్లు, సరుకు, కాలం, వీటిని ఎట్లా పొందిస్తే పని ఆగకుండా సాగుతుందో చూసే చదువు. ఫ్యాక్టరీలో ఇంకో కాటా పెట్టాలా, ఇంకో మిషన్ కొనాలా, పనోళ్ళను పెంచాలా అన్నది చేసి చూసి, తప్పయితే మల్ల మొదటికి రావడం ఖర్చుతో కూడిన పని. అందుకని ఆ ఫ్యాక్టరీని ముందు కంప్యూటర్‌లో నడిపించి చూస్తరు. దాన్నే సిములేషన్ అంటరు.

మేమిద్దరం మొదట కంప్యూటర్ జోలికి పోలేదు. 00 నుంచి 99 దాకా చీటీలు రాసి స్టీలు డబ్బాలో వేసినం. ఒక చీటీ తీస్తే తర్వాతి బండి ఎన్ని నిమిషాలకు వస్తదో తెలుస్తది. ఇంకో చీటీ తీస్తే దాని తూకానికి ఎన్ని నిమిషాలు పడుతదో తెలుస్తది. నోటుబుక్కులో గడులు గీసినం. వచ్చిన వేళ, కాటా ఎక్కిన వేళ, దిగిన వేళ, నిలబడ్డ కాలం. ఎక్కిన వేళలోంచి వచ్చిన వేళ తీసేస్తే నిలబడ్డ కాలం. తీసివేత వచ్చిన పిల్లలెవరైనా చెయ్యొచ్చు. యాభై బండ్లకు మాకు రెండు గంటలు పట్టింది. కంప్యూటర్ అదే పని లక్ష బండ్లకు చూస్తుండగనే చేస్తది. అంతే తేడా. ఇందులో మంత్రం లేదు. మనదాకా వచ్చేసరికి ప్రతి చదువునూ మంత్రం చేసి చెప్తరు, అదే వచ్చిన తంటా.

సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ఒకటి వాయిదాల మీద కొన్న. కాలేజీ ల్యాబులో ఉన్న సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు కావాలె. పైథాన్ ఉచితం. దాంట్లో నడిచే సిమ్‌పై అనే లైబ్రరీ కూడా ఉచితం. ఉచితమే గాని తేలిగ్గా రాలేదు. ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ వస్తే నాకు బెత్తం పట్టుకున్న సారు కనపడేటోడు. ఒక లైను నాలుగు ఖాళీలు లోపలికి జరగలేదని మూడు రాత్రులు ప్రోగ్రాం నడవలేదు. నాలుగో రాత్రి తెల్లతెరమీద "బండి 1 వచ్చింది, బండి 1 కాటా ఎక్కింది" అని తెలుగులో పడ్డప్పుడు మా ఇంటామెను లేపి చూపించిన. "గీ బండి కోసం నన్ను లేపినవా?" అన్నది.

బిడ్డ ప్రాజెక్టుకు ఏదన్నా ఫ్యాక్టరీ కావాలె. బాపు పనిచేసిన మిల్లుకంటె నాకు తెలిసిన ఫ్యాక్టరీ ఏముంది? కాలేజీ ఇచ్చిన లెటరు పట్టుకొని పోయినం. ఆఫీసులో కూర్చున్నాయన లెటరు చదివిండు, నన్ను చూసిండు. "ఫలానా హమాలీ కొడుకువు గద. లోపల నీకేం పని? గేటు బయట నుంచి చూసుకోండ్రి" అన్నడు. బడిలో నన్ను సారూ అని పిలిచే పిల్లల్లో ఆ మిల్లుకు పత్తి తెచ్చే రైతుల పిల్లలు ఉన్నరు. గేటు కాడ మాత్రం నేను హమాలీ కొడుకునే. అదేం తప్పుడు మాట కాదు, నేను హమాలీ కొడుకునే. ఆయన ఆ మాట అన్న తీరు వేరు.

గేటు ఎదురుగ ఛాయ్ హోటల్ బల్ల మీద కూర్చొని, సీజను ముమ్మరంలో తొమ్మిది రోజులు గడియారం చూసి రాసుకున్నం. కాటా గేటు పక్కనే కనపడుతది. గంటకు సగటున 13, 14 ట్రాక్టర్లు వస్తున్నయి. మేం 13.5 అని వేసుకున్నం. ఒక్కో తూకానికి సగటున 4 నిమిషాలు. అంటే కాటా గంటకు 15 బండ్లు తూయగలదు.

"వచ్చేటివి పదమూడున్నర, తూసేటివి పదిహేను. ఇంకా కాటాకే తీరిక ఉండాలె. మరి గీ లైనేంది చిన్నబాపూ?" అన్నది బిడ్డ.

సిములేషన్ నేర్పే మొదటి పాఠం ఇదే. బండ్లు లెక్క ప్రకారం రావు. ఒకసారి పావుగంట ఒక్కటీ రాదు, ఒకసారి అయిదు కలిసొస్తయి. ఖాళీగా పోయిన కాలాన్ని కాటా దాచిపెట్టుకొని తర్వాత వాడుకోలేదు. టెలిఫోన్ కాల్స్ కూడా ఇట్లనే తోచినట్టు వస్తయని కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లోనే లెక్క కట్టిండు. రాకలు, తూకాలు రెండూ అట్లా తోచినట్టు జరుగుతయని పెట్టి ప్రోగ్రాం నడిపినం. నిన్నటి బండ్లు ఇయ్యాలటికి మిగిలే సీజను కాబట్టి రోజుకో మాటు ఖాళీ కాటాతో మొదలుపెట్టలేదు. చాలా పొడుగు కాలం నడిపి, మొదటి ముక్క తీసేసి, అట్లాంటి పరుగులు వంద తీసినం. సగటున ఒక్కో బండి నిలబడేది 36 నిమిషాలు. ఏ క్షణాన చూసినా లైన్లో సగటున 8 బండ్లు. రెండో కాటా పెట్టి నడిపినం. 36 సగమై 18 అయితదనుకున్నం. ఒక్క నిమిషానికి పడిపోయింది. ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. ఊరికే బుర్రతో ఆలోచిస్తే ఈ జవాబు రాదు.

అయితే మోడల్ చెప్పింది నిజంతో సరిపోవాలె. మా నోటుబుక్కు తీసి చూస్తే 36 నిమిషాలు నిలబడ్డ బండ్లు పెద్దగా లేనేలేవు. కొన్ని అయిదారు నిమిషాల్లో లోపలికి పోయినయి. కొన్ని గంట దాటి నిలబడ్డయి. ప్రోగ్రాం తప్పేమోనని రెండు రోజులు వెతికినం. తప్పు ప్రోగ్రాంలో లేదు. మిల్లోళ్ళకు కావాల్సినోళ్ళ బండ్లు, పెద్ద రైతుల బండ్లు లైను పక్కనుంచి వచ్చి ముందుకు ఎక్కుతున్నయి. రెండెకరాలు కౌలుకు చేసుకున్నోని బండి వెనక్కి జరుగుతున్నది. మేం బల్ల మీద కూర్చొని అది కండ్లతో చూసినం, చూసి కూడా రాసుకోలేదు. మాకు అది రూలు లాగ కనపడలేదు, లోకం లాగ కనపడ్డది.

సిమ్‌పైలో దానికి ఒక్క మాట మార్చాలె. 'రిసోర్స్' అని ఉన్నచోట 'ప్రయారిటీ రిసోర్స్' అని రాసి, ప్రతి బండికీ ఒక అంకె ఇయ్యాలె. చిన్న అంకె ఉన్నోడు ముందు. బండ్లలో సగం ముందటోళ్ళవి, సగం వెనకటోళ్ళవి అని పెట్టి నడిపినం. ముందటోళ్ళు ఆరున్నర నిమిషాలు. వెనకటోళ్ళు 65 నిమిషాల మీద. మొత్తం సగటు? అదే 36. ఏమీ మారలేదు. కాటా అంతే, బండ్లు అంతే, సగటు అంతే. ఇట్లాంటి లైన్లో ఒకరి ఎదురుచూపు తగ్గిస్తే అది మాయం కాదు, ఇంకొకరి మీదికి పోతదని లియొనార్డ్ క్లైన్‌రాక్ 1965లో సూత్రంగా రాసిండు. ఆ సూత్రం మా అవ్వకు అంతకుముందే తెలుసు.

మా చిన్నప్పుడు ఊరి నడుమ ఒక్కటే బోరింగు. అవ్వ చీకటితోనే పోయి బిందె లైన్లో పెట్టేది. ఊరామె ఎవరన్నా వస్తే అవ్వ బిందె తీసి పక్కకు పెట్టుకోవాలె. ఇంకొకామె వస్తే మల్ల పక్కకు. అడ్డం మాట్లాడితే బోరింగు ముట్టనియ్యరు. అవ్వ నీళ్ళు తెచ్చేసరికి కూలికి పోయే గుంపు ఎల్లిపోయేది. నేను బడికి పోయేసరికి ప్రార్థన అయిపోయేది. సారు నన్ను బయట నిలబెట్టేటోడు. "మీకు పొద్దుపొడవదారా?" అనేటోడు. మండలాఫీసు లెక్కల్లో మా ఊరికి ఒక బోరింగు ఉన్నట్టే. మనిషికిన్ని బిందెలని సగటు తీస్తే మాకూ ఊరోళ్ళకూ ఒకటే. 1927లో మహద్‌లో చౌదార్ చెరువు కాడ అంబేద్కర్ దోసిట్లోకి తీసుకున్నవి నీళ్ళే గాని, ఆయన చెయ్యి వేసింది ఆ రూలు మీద. చదివినప్పుడు నాకు అది గౌరవం కోసం చేసిన పోరాటంగానే తెలిసింది. అంకెలు చూసినంక, కాలం కోసం కూడా అని తెలిసింది.

ఇంక కాటా దాటి లోపలి సంగతి. దించే జట్ల వివరాలు బాపుతోటి పనిచేసినోళ్ళు చెప్పిండ్రు. నలుగురి జట్టు ఒక బండి దించడానికి 40 నిమిషాలు. జట్లు 15, మనుషులు 60 మంది. ప్రోగ్రాం నడిపితే హమాలీల వినియోగం 60 శాతం అని వచ్చింది. మిగతా 40 శాతం 'ఐడిల్'. బిడ్డ ఆ కాగితం కాలేజీకి తీసుకుపోతే గైడుసారు సంబురపడ్డడంట. "మంచి రిజల్టు. 15 జట్లు ఎందుకు, 12 పెట్టి చూడు" అన్నడంట. చూసినం. వినియోగం 75 శాతానికి పెరిగింది. బండ్లు దించుడు కాడ ఆగే కాలం సగటున 3 నిమిషాలు పెరిగింది, అంతే. పుస్తకం ప్రకారం ఇది సమస్యకు పరిష్కారం. పన్నెండు మందిని తీసెయ్యాలె.

ఆ రాత్రి బాపు మా ఇంట్లనే ఉన్నడు. దగ్గు ఎక్కువై నిద్రపట్టక లేచి వచ్చి నా వెనక కూర్చున్నడు. తెరమీద బండ్లు పోతున్నయి. బండి వచ్చింది, నిలబడ్డది, కాటా ఎక్కింది, దిగింది. ఇది ట్రాక్టరు, ఇది కాటా అని చెప్పిన. చాలాసేపు చూసి అడిగిండు. "గీ పెట్టెల నేనేడున్న?"

చూపించబోయి ఆగిపోయిన. బాపు అందులో లేడు. 'రిసోర్స్' అని రాసిన లైన్లో 15 అన్న అంకె ఉంది. అంతే. ఈ విద్యలో తిరిగేదాన్ని ఎంటిటీ అంటరు, పనికి వాడుకునేదాన్ని రిసోర్స్ అంటరు. బండి ఎంటిటీ. దానికి ఒక నంబరు ఉంటది, వచ్చిన వేళ ఉంటది, నిలబడ్డ కాలానికి గడి ఉంటది. కాటా, హమాలీ ఇద్దరూ రిసోర్సులే. వాటికి ఆ గడి లేదు. బండి నిలబడితే దాన్ని వెయిటింగ్ అంటరు. మనిషి నిలబడితే ఐడిల్ అంటరు. మొదటిది నష్టం, రెండోది సోమరితనం. "ఆ మాదిగోల్లు చెట్టుకింద కూసుంటరు" అని మిల్లు కాడ నేను విన్న మాటకు ఇంగ్లీషు పేరు అది.

ఇంకో సంగతి కూడా అప్పుడే కనపడ్డది. హమాలీకి ఇచ్చేది దించిన లెక్కకు కూలి. ఖాళీగా ఉన్న కాలానికి మిల్లు పైసా ఇయ్యదు. అట్లయినప్పుడు ఆ 40 శాతం ఎవరి నష్టం? మిల్లుది కాదు. పది గంటల దినంలో నాలుగు గంటలు, 60 మందివి కలిపితే రోజుకు 240 గంటలు, హమాలీలే తమ ఒంట్లోంచి పెట్టుబడి పెడుతున్నరు. ఎప్పుడు బండ్లు కలిసొచ్చినా దించడానికి మనుషులు తయారుగ ఉండాలె కాబట్టే వాళ్ళు చెట్టుకింద ఉన్నరు. వాళ్ళు నిలబడ్డందుకే బండి ఆగలేదు. నిలబడుడు కూడా పనే. బాపు చెప్పిన "సగం దినం నిలవడ్డ" అన్నది ఫిర్యాదు కాదు, లెక్క.

ఆ రోజుల్లోనే ఈ విద్య ఎక్కడినుంచి వచ్చిందో చదివిన. 1960లలో నార్వేలో, ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు సిములా అనే భాష తయారుచేసిండ్రు. ఇయ్యాల పైథాన్‌లో, జావాలో రాసే 'క్లాస్' దాంట్లోంచే వచ్చింది. ఇద్దరికీ 2001 ట్యూరింగ్ అవార్డు ఇచ్చిండ్రు. నన్ను ఆపింది అవార్డు కాదు. 1970ల మొదట్లో నీగార్డ్ నార్వే ఇనుము, లోహ కార్మికుల యూనియన్‌తోటి కలిసి పనిచేసిండు. తన విద్య యాజమాన్యం చేతిలోనే ఉంటే అది కార్మికుల మీదికి వస్తదని గుర్తుపట్టి, యూనియన్ మనుషులు కంప్యూటర్‌ను అర్థం చేసుకొని తమ ప్రశ్నలు తాము వేసుకునేటట్టు వాళ్ళతో కూర్చున్నడు. కొత్త కంప్యూటర్ పద్ధతులు తెచ్చేముందు కార్మికుల మాట ఉండాలన్న ఒప్పందాలు అక్కడ ఆ పనిలోంచే వచ్చినయి. సిములేషన్ భాషకు ప్రాణం పోసినోడే వెళ్ళి కార్మికుల పక్కన కూర్చున్నడన్నమాట. మా పుస్తకంలో సిములా పేరుంది గాని ఈ ముక్క లేదు.

బిడ్డా నేను ప్రోగ్రాం మళ్ళ రాసినం. ప్రతి జట్టునూ ఎంటిటీ చేసినం. ప్రతి జట్టుకూ నంబరు, వచ్చిన వేళ, నిలబడ్డ కాలం. రిపోర్టులో రెండు పట్టికలు పెట్టింది. ఒకటి బండ్లు నిలబడ్డ కాలం, ముందటోళ్ళకూ వెనకటోళ్ళకూ వేరువేరుగ. రెండోది హమాలీలు నిలబడ్డ కాలం. చివర రాసిన సూచనల్లో జట్లు తగ్గించమని లేదు. రెండో కాటా పెట్టాలె, లేకుంటే టోకెన్లు ఇచ్చి వచ్చిన వరుసలోనే తూయాలె, హమాలీల నిలబడ్డ కాలానికి కూలి కట్టాలె అని ఉంది.

వైవాకు వచ్చినాయన "ఇది ఇండస్ట్రియల్ ఇంజినీరింగా, యూనియన్ కరపత్రమా?" అన్నడంట. "సార్, రెండు పట్టికలూ ఒక్కటే ప్రోగ్రాంలోంచి వచ్చినయి. ఒకటి సరైందైతే రెండోదీ సరైందే" అన్నదంట మా పిల్ల. పాసైంది. మార్కులు మధ్యరకం. మిల్లులో కాటా ఇంకా ఒక్కటే. హమాలీ సంగపోళ్ళకు రెండో పట్టిక తెలుగులో రాసిచ్చినం. కూలిరేటు మాట్లాడేటప్పుడు 240 గంటల లెక్క చదివి వినిపించిండ్రు. నిలబడ్డ కాలానికి పైసలు రాలేదు. కాని ఆ మాట మొదటిసారి బల్ల మీదికి వచ్చింది.

ఇది ఇక్కడ ఆపితే నేను మంచోణ్ణయి మిగిలిపోత. ఇంకో ముక్క ఉంది.

మా బడిలో లేటు రిజిస్టరు నా దగ్గరే ఉంటది. ఆరో తరగతిలో మా వాడలాంటి వాడనుంచి ఒక పిల్ల వచ్చేది. రోజూ లేటే. నేను బయట నిలబెట్టేటోణ్ణి. "మీకు తెల్లారదానే?" అని ఒకరోజు అన్న కూడా. ఎవరి మాట అది? నన్ను నిలబెట్టిన సారు మాట. నా నోట్లోకి ఎప్పుడొచ్చి కూర్చున్నదో తెల్వదు.

ప్రాజెక్టు అయిపోయినంక ఆ రిజిస్టరు తీసి నెలల వారీగ లెక్కేసిన. ఆ పిల్ల లేట్లన్నీ పత్తి ఏరే నెలల్లోనే ఉన్నయి. తెల్లారి పిలిచి అడిగిన. తల్లి చీకటితోనే ఆటోలో పత్తి ఏరపోతది. ఈ పిల్ల తమ్ముణ్ణి అంగన్‌వాడీలో దించి బడికి రావాలె.

"మరి జరంత ముందుగాల దించి రావొచ్చు గద బిడ్డా?"

"తలుపు తీసేదాక నిలవడ్త సార్" అన్నది.

నేను ఇంకేం అడగలేదు. లోపలికి పోయి కూర్చొమ్మన్న. రిజిస్టరులో మూడే గడులు ఉన్నయి. పేరు, తరగతి, వచ్చిన వేళ. స్కేలు పెట్టి నాలుగోది గీసిన. పైన 'ఎక్కడ నిలబడ్డది' అని రాసిన.